గొర్రె పిండం అడ్రినల్ గ్రంథితో మనకేం పని?

మొన్న శుక్రవారం లంచ్ టేబుల్ దగ్గర మొదలైంది ఈ గొడవ. మా టీంలో ఒకతనికి వాట్సాప్‌లో ఏదో ఫార్వర్డ్ వచ్చింది. "జనం డబ్బుతో జరుగుతున్న వింత పరిశోధనలు" అని ఒక చిట్టా. అందులో మూడోదో నాలుగోదో ఇది: "పుట్టుకకు ముందు గొర్రె పిండంలో అడ్రినల్ గ్రంథి పనితీరుపై హార్మోన్ల నియంత్రణ". అతను దాన్ని వార్తలు చదివినట్టు పైకి చదివాడు. టేబులంతా ఒకటే నవ్వు. "గొర్రె కూడా కాదు బాస్, గొర్రె పిండం.. దాని అడ్రినల్.. దాన్ని ఎవడు కంట్రోల్ చేస్తున్నాడో కావాలట! దీనికి ఆర్‌ఓఐ ఏంటి?" అన్నాడు ఇంకొకాయన. ఆ టైంలో ఆయన ప్లేట్లో ఉన్నది మటన్ బిర్యానీ. అది వేరే సంగతి :)

నేను నవ్వలేదు. నవ్వకపోవడానికి కారణం నేనేదో పెద్ద సైన్సు వీరాభిమానినని కాదు. 2016కి ముందైతే అందరికంటే గట్టిగా నేనే నవ్వేవాణ్ణి. ఎందుకు నవ్వలేదో అక్కడ చెబితే లంచ్ బ్రేక్ సరిపోదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. ఇందులో వైద్య సలహా ఏమీ లేదు. ఉన్నది ఒక అభిప్రాయం, దాని వెనక ఇద్దరు పిల్లల కథ.

సరే, అసలు ప్రశ్నతో మొదలెడదాం. కాన్పు టైం అయిందని ఎవరు చెప్తారు? తల్లా, బిడ్డా? మన భాషలో చెప్పాలంటే ఇది తొమ్మిది నెలలకోసారి తనంతట తాను రన్ అయ్యే జాబా, లేక ఎవరో ఒక ఈవెంట్ పంపితే మొదలయ్యేదా? పంపితే ఎవరు పంపుతారు? మా పాలమూరు పక్క పల్లెలో గొర్లు కాసే తాత ఒకాయన ఉండేవాడు. చిన్నప్పుడు ఆయన్ని అడిగాను, ఈ సూడి గొర్రె ఎప్పుడు ఈనుతుందని. "గొర్రెకేం ఎరుక బిడ్డా, లోపలున్నదే జెప్తది" అన్నాడు. ఏదో మాటవరసకి అన్నాడనుకున్నా. గొర్రె విషయంలో అది అక్షరాలా నిజమని తెలియడానికి సైన్సుకి 1960లు దాకా పట్టింది.

ఆధారాలు అంతకుముందు నుంచీ అక్కడక్కడా పడి ఉన్నాయి. 1933లోనే ఇంగ్లండులో మాల్పాస్ అనే డాక్టరు ఒక సంగతి గమనించాడు. మెదడు సరిగ్గా ఏర్పడని పిండాలున్న గర్భాలు కొన్ని గడువు దాటిపోతున్నాయి. అంటే గడియారం పిండం తలలో ఎక్కడో ఉండొచ్చని ఆయన అనుమానం. తర్వాత అమెరికాలో ఐడహో కొండల్లో గొర్రెల కాపరులకి ఒక పెద్ద కష్టం వచ్చిపడింది. ఒంటికన్ను గొర్రెపిల్లలు పుడుతున్నాయి. కొన్ని గొర్రెలు గడువు దాటి వారాలు గడిచినా ఈనవు. అక్కడి వ్యవసాయ శాఖ వాళ్లు ఏళ్ల తరబడి వెంటపడి చివరికి కారణం పట్టుకున్నారు. వెరాట్రమ్ కాలిఫోర్నికమ్ అనే కొండ మొక్క. గొర్రె కట్టిన 14వ రోజు ప్రాంతంలో దాన్ని మేస్తే పిండం తల నిర్మాణమే దెబ్బతింటోంది. తల చెడితే పుట్టే టైమూ చెడుతోంది! మనం లాగ్‌లో రెండు ఎర్రర్లు ఒకేసారి కనపడితే ఏం చేస్తాం? రెండింటికీ మూలం ఒకటేనేమో అని చూస్తాం కదా.

చూసినవాడు న్యూజిలాండ్ ప్రసూతి డాక్టరు గ్రాహం లిగిన్స్. అందరూ మాంట్ అని పిలిచేవారట. ఆక్లండ్‌లో ఆడవాళ్ల ఆసుపత్రిలో పని. ఆయన బాధ చాలా మామూలు బాధ: నెలలు నిండకుండా నొప్పులు ఎందుకొస్తాయి, వాటిని ఆపడం ఎలా? అది తెలియాలంటే ముందు మామూలు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలియాలి. ఆడవాళ్ల మీద ప్రయోగాలు చేయలేడు కాబట్టి గొర్రెల్ని ఎంచుకున్నాడు. గొర్రె గర్భం సుమారు 147 రోజులు. కడుపులో పిల్లకి సన్నటి గొట్టం అమర్చి, మళ్లీ కుట్లు వేసినా ఆ గర్భం నిలుస్తుంది.

కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఇంకో ఇద్దరితో కలిసి ఆయన చేసిన మొదటి ప్రయోగం సింపుల్. కడుపులో ఉన్న గొర్రెపిల్ల పిట్యూటరీ గ్రంథిని కరెంటుతో కాల్చేశారు. ఫలితం 1967లో అచ్చయింది. కాన్పు మొదలవలేదు, గర్భం గడువు దాటిపోయింది. 1968లో డ్రాస్ట్, హోమ్ అనే ఇద్దరు పిండం అడ్రినల్ గ్రంథుల్నే తీసేసి చూశారు. అప్పుడూ అంతే. ఇప్పుడు ఇటునుంచి టెస్టు: పిండంలోకి ఏసీటీహెచ్ గానీ కార్టిసాల్ గానీ ఎక్కిస్తే? కొద్ది రోజుల్లోనే గొర్రె ఈనేసింది, గడువుకి ఎంతో ముందు. సర్వీస్ ఆపేస్తే పని ఆగింది, సిగ్నల్ పంపితే పని మొదలైంది. మూల కారణం పట్టుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన పద్ధతి నాకైతే తెలీదు.

తర్వాత కొన్ని దశాబ్దాల్లో ఎంతోమంది పూర్తి చేసిన వరస ఇది. పిండం మెదడులోని హైపోథాలమస్ సిగ్నల్ పంపుతుంది. పిట్యూటరీ ఏసీటీహెచ్ వదుల్తుంది. అది అందుకుని అడ్రినల్ కార్టిసాల్ తయారుచేస్తుంది. ఆ కార్టిసాల్ మాయ దగ్గరికి వెళ్లి అక్కడొక ఎంజైమును మేల్కొల్పుతుంది. దాంతో గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరాన్ తగ్గి ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు వచ్చి గర్భసంచిని బిగిస్తాయి. అంటే తలుపు లోపలినుంచి తెరుచుకుంటోంది అన్నమాట.

ఇందులో మనవాళ్లకి నచ్చే విషయం ఒకటుంది. గొర్రె పిండం అడ్రినల్ గ్రంథి గర్భం సగంలో కార్టిసాల్ చేయగలదు. కానీ సుమారు 90వ రోజు నుంచి 120వ రోజు దాకా దాదాపు మౌనంగా ఉంటుంది. కావలసిన ఎంజైములే అప్పుడు తగ్గిపోతాయి. తర్వాత మెల్లగా లేస్తుంది. చివరి రెండు వారాల్లో కార్టిసాల్ ఒక్కసారిగా పైకెళ్తుంది. మామూలుగా కార్టిసాల్ పెరిగితే ఏసీటీహెచ్ తగ్గాలి. ట్యాంకు నిండితే మోటారు ఆగినట్టు. కానీ ఇక్కడ చివరి రోజుల్లో రెండూ కలిసి పెరుగుతాయి! పిండం రక్తంలో కార్టిసాల్‌ని పట్టి ఉంచే ప్రొటీను పెరగడం, మాయ నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ కూడా ఈ వరసని తోయడం, అడ్రినలే ఏసీటీహెచ్‌కి ఇంకా చురుగ్గా స్పందించడం, ఆపమనే సంకేతానికి మెదడు అంతగా లొంగకపోవడం.. ఇలా కొన్ని కారణాలు కలుస్తాయి. "హార్మోన్ల నియంత్రణ" అని మావాడు నవ్వుతూ చదివింది సరిగ్గా దీని గురించే.

ఇంకో సంగతి. ఆ కార్టిసాల్ తలుపు తీయడమే కాదు, మూట కూడా సర్దుతుంది. ఊపిరితిత్తుల్ని గాలి పీల్చడానికి సిద్ధం చేస్తుంది. కాలేయంలో గ్లైకోజెన్ నిల్వ చేయిస్తుంది. పేగుల్ని, థైరాయిడ్ హార్మోన్ని తయారు చేస్తుంది. రిలీజ్ బటనూ, రిలీజ్ చెక్‌లిస్టూ ఒకే సిగ్నల్ మీద నడుస్తున్నాయి. ఎంత బాగుందో చూడండి.

ఇది ముందుగా ఎవరికీ తెలియదు. లిగిన్స్ హార్మోన్లు ఎక్కించిన గొర్రెల్లో కొన్ని 117 రోజులకే ఈనాయి. గడువుకి నెల ముందు. ఆ వయసు పిల్లల ఊపిరితిత్తులు విచ్చుకోవు, పుట్టగానే పోవాలి. కానీ వీటి ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లింది. పూర్తిగా కాకపోయినా, ఉండకూడని చోట గాలి ఉంది. ఆయన 1969 పేపర్లో ఈ ఆశ్చర్యాన్ని రాసిపెట్టాడు. ఊపిరితిత్తులు ముందే పక్వమయ్యాయేమో అని ఊహించాడు.

ఇది ఎంత పెద్ద విషయమో అర్థం కావాలంటే ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి కొడుకు పుట్టాడు, ఐదున్నర వారాలు ముందుగా. పేరు పాట్రిక్. ఊపిరితిత్తులు విచ్చుకోని జబ్బు. 39 గంటలు బతికాడు. లోకంలో అత్యంత శక్తిమంతుడు అనిపించుకున్న తండ్రి ఉన్నా, ఏ డాక్టరునైనా పిలిపించగలిగినా, చేయగలిగింది లేకపోయింది. జబ్బుకి మూలం ఊపిరితిత్తుల్లో ఉండాల్సిన ఒక జారుడు పదార్థం లేకపోవడమని 1959లోనే ఏవరీ, మీడ్ చూపించారు. లోపం ఏమిటో తెలుసు. దాన్ని ముందే తయారయ్యేలా చేయడం ఎలాగో తెలీదు.

లిగిన్స్ తన సహచరుడు, పిల్లల డాక్టరు రాస్ హౌవీతో కలిసి 1969 డిసెంబరులో తల్లుల మీద ట్రయల్ మొదలుపెట్టాడు. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదంలో ఉన్న తల్లికి బీటామెథసోన్ ఇంజెక్షన్, 24 గంటల తర్వాత ఇంకొకటి. అంతే. 1972లో ఫలితాలొచ్చాయి, 282 మంది తల్లులు. అనుకోకుండా ముందే కాన్పైన వాళ్లలో తొలి వారంలో పిల్లల మరణాలు 15 శాతం నుంచి 3.2 శాతానికి తగ్గాయి. ఊపిరి జబ్బు 25.8 శాతం నుంచి 9 శాతానికి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. లిగిన్స్ వెతికింది ఏమిటి? ముందస్తు నొప్పుల్ని ఆపడం ఎలా అని. అది దొరికిందా? లేదు! గొర్రెలో కాన్పుని మొదలుపెట్టే కార్టిసాల్ వరస మనుషుల్లో అలా పనిచేయదు. మన మాయలో ఆ ఎంజైము అలా మేల్కోదు. ఆ ఇంజెక్షన్ తీసుకున్న తల్లికి నొప్పులు మొదలవవు కూడా. అదీ మంచికే అయింది. లేకపోతే ఈ మందు ఇవ్వడానికే వీలయ్యేది కాదు. మన స్టేటస్ రిపోర్టులో ఐతే ఈ ప్రాజెక్టు రంగు ఎరుపు. రిక్వైర్‌మెంట్ తీరలేదు, స్కోప్ దాటాడు, గొర్రెల ఖర్చు మిగిలింది. కానీ పక్కన పడ్డ ఆ ఒక్క గమనిక లక్షల ప్రాణాలకి అడ్డుపడింది. ఆర్‌ఓఐ ఎంత అని ముందే రాసివ్వమంటే ఆయన ఏం రాసేవాడు?

ఇప్పుడు మా ఇంటి సంగతి.

2003లో మా అక్కకి తొలిచూలు. ఏడో నెల దాటింది, ఒకరోజు సాయంత్రం నొప్పులు. మా జిల్లా కేంద్రంలో ఒక నర్సింగ్ హోంలో చేర్చారు. ఒక రాత్రి, ఒక పగలు నొప్పులు తగ్గే మందులతో ఉంచారు. ఆ తర్వాత బాబు పుట్టాడు. 31 వారాలు. ఎగశ్వాస.. పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతూ. మూడో రోజు పోయాడు. "తలరాత" అన్నారు అందరూ. అమ్మ ఇప్పటికీ అదే అంటుంది.

2016లో మా ఆవిడకి సరిగ్గా అదే 31వ వారం. పుట్టింట్లో ఉంది. నేను హైదరాబాదులో ఏదో రిలీజ్ కాల్‌లో ఉన్నా. వాళ్ల ఊరి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న సిస్టర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, అంబులెన్సు ఎక్కించే ముందే ఒక ఇంజెక్షన్ చేసింది. డెక్సామెథసోన్. చీటీ మీద టైం రాసి ఇచ్చింది. హైదరాబాదులో దిగగానే డాక్టరుగారు అడిగిన మొదటి మాట: "స్టెరాయిడ్ పడిందా?" చీటీ చూసి మిగతా డోసులు 12 గంటలకొకటి చొప్పున ఇచ్చారు. నాలుగూ పూర్తయ్యాక పాప పుట్టింది. కొన్ని రోజులు ఆక్సిజన్, కొన్ని వారాలు ఎన్ఐసీయూ. ఇప్పుడు బడికెళ్తోంది, హోంవర్క్ చేయమంటే మొండికేస్తోంది :)

పాప ఇంటికొచ్చాక ఒకరోజు అక్కకి ఈ ఇంజెక్షన్ సంగతంతా చెప్పాను. గొర్రెలు, న్యూజిలాండ్, 1972, అన్నీ. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఏంరా, అప్పటికి ఆ మందు ఉండెనా?"

"ఉండె అక్కా."

ఇంకేం మాట్లాడలేదు. లేచి లోపలికి పోయింది. చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే, ఆ ఇంజెక్షన్ ఇస్తే బాబు తప్పకుండా బతికేవాడని ఎవరూ అనలేరు. శాతాలు శాతాలే. ఇవ్వకపోవడానికి కారణమేమిటో కూడా నాకు తెలీదు. కానీ దాన్ని తలరాత అనడం మాత్రం నేను మానేశాను. మందు కనిపెట్టి అప్పటికి 31 ఏళ్లు. డెక్సామెథసోన్ ఖరీదైనది కాదు, ఎక్కడైనా దొరికేదే. కోడ్ ఎప్పుడో రెడీ. ప్రొడక్షన్‌లోకి రాలేదు, అంతే.

ఇది మన దగ్గరే కాదు. 1972 తర్వాత ఒకదాని వెనక ఒకటి ట్రయల్స్ వచ్చినా చాలా దేశాల్లో డాక్టర్లు పట్టించుకోలేదు. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థలు గట్టిగా సిఫారసు చేసింది 1994లో, అంటే 22 ఏళ్లకి. వైద్య ఆధారాల్ని కూడి చూపించే కోక్రేన్ సంస్థ లోగో చూశారా ఎప్పుడైనా? మధ్యలో అడ్డగీతలున్న బొమ్మ. అది అలంకారం కాదు, ఈ ఇంజెక్షన్ మీద జరిగిన ట్రయల్స్ ఫలితాల గ్రాఫే. కూడి చూడనందుకు ఎంతమంది పిల్లలు పోయారో గుర్తుండాలని పెట్టుకున్నారు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దాసుపత్రికి పంపేముందు తొలి డోసు ఏఎన్‌ఎం కూడా ఇవ్వొచ్చని. మా ఆవిడకి అందిన ఇంజెక్షన్ వెనక ఆ కాగితం ఉందనే నేననుకుంటున్నా.

ఐతే "అందరికీ పొడిచేస్తే పోలా" అని మాత్రం అనుకోకండి. అది కూడా చేసి చూశారు. ఇండియాతో సహా ఆరు దేశాల్లో కింది స్థాయి ఆసుపత్రుల దాకా ఈ ఇంజెక్షన్ తీసుకెళ్లిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. మొత్తం మీద శిశు మరణాలు తగ్గకపోగా పెరిగాయి! ఇంజెక్షన్ పడ్డ తల్లుల్లో చాలామందికి అసలు ముందస్తు కాన్పే కాలేదు. అవసరం లేని పిల్లలకి మందు చేరింది. స్టేజింగ్‌లో బాగా నడిచింది కదా అని ఎన్విరాన్‌మెంట్ చూడకుండా డిప్లాయ్ చేస్తే ఏమవుతుందో మనకి కొత్త కాదుగా. తర్వాత ఇండియా, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లో 29 ఆసుపత్రుల్లో ఇంకో ట్రయల్ పెట్టారు. స్కానింగ్‌తో వారాలు లెక్కకట్టి, పుట్టిన పిల్లల్ని చూసుకునే వసతి ఉన్న చోట్లే. 2020లో ఫలితం: శిశు మరణాలు మందు ఇచ్చిన వైపు 19.6 శాతం, ఇవ్వని వైపు 23.5 శాతం. మందు అదే. తేడా మందు చుట్టూ ఉన్న ఏర్పాట్లది.

సరే, మావాళ్ల వాదనల్లో న్యాయమున్నవీ ఉన్నాయి. గొర్రెల మీద జరిగే ప్రతి పరిశోధనా ఇలా ప్రాణాలు నిలబెట్టదు. గెలిచిన కథే చెప్తున్నావు, ఓడినవి ఎన్నో అంటే నిజమే. గొర్రెలకి నొప్పి ఉంటుందన్నదీ నిజమే, దానికి కట్టుదిట్టమైన నియమాలుండాలి. దండగ పరిశోధనలు లేవని కూడా నేననను. నేననేది ఒక్కటే: శీర్షిక చదివి నవ్వడం ఆడిట్ కాదు. ప్రశ్న మంచిదా, పద్ధతి మంచిదా, ఊహించనిది కనపడితే రాసిపెట్టే నిజాయితీ ఉందా, అవి అడగండి. 117 రోజుల పిల్ల ఊపిరితిత్తుల్లో గాలిని "ఎడ్జ్ కేస్" అని లిగిన్స్ పక్కన పడేసి ఉంటే?

పైగా పని ఐపోలేదు. మనుషుల్లో నొప్పులు ఎందుకు ముందే వస్తాయో ఇంకా పూర్తిగా తేలలేదు. ఒక్క 2020లోనే మన దేశంలో సుమారు 30 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు, ఏ దేశంలోనూ లేనంతమంది. 2003లో ఆక్లండ్ వాళ్లే ఒక పని చేశారు. గొర్రెల్ని కట్టక ముందు నుంచి కట్టిన నెల దాకా మాత్రమే అరకడుపు మేత మీద ఉంచారు. ఆ తర్వాత కడుపునిండా పెట్టినా, సగం గొర్రెలు ముందే ఈనాయి. పిల్లల్లో కార్టిసాల్ ముందే ఎగిసింది. గొర్రె మనిషి కాదు, తెలుసు. కానీ మన ఇళ్లల్లో ఆడపిల్లకి కడుపుతో ఉందని తెలిశాకే కదా గ్లాసుడు పాలు గుర్తొస్తాయి? ఇది వెతకదగ్గ ప్రశ్నా, కాదా? 2019 లెక్కల ప్రకారం దేశంలో ఉన్న ఏడు కోట్ల పైచిలుకు గొర్రెల్లో దాదాపు సగం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. తినడానికి పనికొచ్చిన గొర్రె, ప్రశ్న అడగడానికి పనికిరాదా?

చివరగా చదివేవాళ్లకి ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే తొలి నెలల స్కానింగ్ రిపోర్టు ఫోన్లో పెట్టుకోండి, వారాల లెక్క దాన్నిబట్టే తేలుతుంది. నెలలు నిండకుండా నొప్పులొస్తే, ఇంకో ఆసుపత్రికి పంపుతుంటే, బయల్దేరే ముందు "ఊపిరితిత్తుల ఇంజెక్షన్ అవసరమా, ఇచ్చారా, ఎన్నింటికిచ్చారు?" అని డాక్టర్ని అడగండి. ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, మీరూ నేనూ కాదు. కానీ అడగడం మన పని. 2003లో మా ఇంట్లో అడగాలని తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

సోమవారం లంచ్‌కి ఇదంతా మావాళ్లకి చెప్తాను. ఆ బిర్యానీ ఆయన మళ్లీ ఆర్‌ఓఐ అంటాడని తెలుసు. అననివ్వండి. ఈసారి మా పాప ఫోటో చూపిస్తా.